పిట్ట ముట్టలేదు

మా అక్క భాగ్యవతి జన్మలో బీడీ ముట్టలేదు. ఈ ఒక్క మాటను మా బావ నోటితోనే, పదిమంది ముందు చెప్పించాలని నేను ఒక పని చేశాను. విన్నాక పాపమంటారో, మంచి పనంటారో మీ ఇష్టం. నాకు మాత్రం ఇప్పటికీ తలుచుకుంటే కడుపు చల్లబడుతుంది.

అక్కనూ నన్నూ ఒకే ఇంటికి ఇచ్చారు. పెద్దోడు వెంకట్రాములుకు అక్క, చిన్నోడు భూమేశ్‌కు నేను. బాన్సువాడ పక్కనే మా ఊరు. వరీ, చెరుకూ, కొంచెం మక్క. అత్తమామలు పోయాక ఇల్లు రెండు చేసి నడుమ గోడ పెట్టారు. ఛాతీ ఎత్తు గోడ. కూరగిన్నెలూ, కబుర్లూ, తిట్లూ దాని మీదుగానే ఇటూ అటూ పోయేవి. తిట్లు ఎక్కువగా నావే. అక్క నోట్లో నాలుక లేని మనిషి. ఇద్దరికీ కలిపి దేవుడు ఒక్క నోరే ఇచ్చాడు, దాన్ని ఈ రాధాకుమారి ఎత్తుకుపోయిందని మా అమ్మ నన్ను చూపించి అనేది.

బావ బీడీలు తాగుతాడు. పొద్దున మంచం మీద మొదటిది వెలిగిస్తే, పడుకునేటప్పుడు అదే మంచం మీద ఆఖరుది ఆర్పేవాడు. వానొచ్చినా, చలిపెట్టినా తలుపులు మూసుకుని ఇంట్లోనే ఊదేవాడు. అక్క చీర దులిపితే బీడీ వాసన, దుప్పటి దులిపితే బీడీ వాసన. నేను ముక్కు మూసుకుంటే, "నాకు తెలుస్తలేదే, అలవాటైపోయింది" అని నవ్వేది.

ముందటేడు వరికోతలప్పుడు ఆమెకు దగ్గు పట్టుకుంది. కోతల దుమ్ము అనుకున్నాం. అల్లం, మిరియాలు, తేనె అన్నీ అయ్యాయి. తగ్గలేదు. బాన్సువాడలో ఒక డాక్టరు దగ్గరికి నేనే తీసుకుపోయాను. ఆయన ఎక్స్‌రే తీయించి, "బీడీ, చుట్ట అలవాటుందా?" అని అక్కను అడిగాడు. "అయ్యో, లేదు సారూ" అంది. అయితే భయపడాల్సిన రోగం కాదన్నాడు. తెమడలో టీబీ పురుగు దొరకలేదు, అయినా టీబీ లెక్కే ఉందని మందులు మొదలుపెట్టాడు. ఇంట్లో ఇంకెవరైనా తాగుతారా అని అడగలేదు. అడిగితే చెప్పడానికి నేను పక్కనే ఉన్నాను.

టీబీ అనేసరికి బావ అక్కకు కంచం వేరు చేశాడు, గ్లాసు వేరు చేశాడు. బీడీ మాత్రం ఆమె మంచం పక్కనే కూర్చుని తాగాడు.

ఎండాకాలమంతా ఆ మందులు మింగీ మింగీ అక్క సగమైంది. దగ్గు తగ్గలేదు సరికదా, భుజంలో నొప్పి మొదలైంది. పొలం ఒడ్డు ఎక్కితే ఆయాసం. మళ్లీ పోయాం. డాక్టరు కొత్త ఎక్స్‌రే తీయించి, దాన్ని పాతదాని పక్కన కిటికీ వెలుగుకు పట్టుకుని చూశాడు. "మచ్చ పెరిగింది. టీబీ కాకపోవచ్చు. నిజామాబాద్ పోయి సీటీ స్కాన్ తీయించండి, ఆలస్యం చెయ్యకండి" అన్నాడు. తాను పొరబడ్డానని ఆయనకు అప్పుడే అర్థమైనట్టుంది. ఆయన మీద నాకు కోపం లేదని అనను. కానీ ఆయన కనీసం రెండోసారి చూశాడు.

మా బావ ఒక్కసారి కూడా చూడలేదు.

"ఏంది స్కానింగ్? గీ డాక్టర్లకు స్కానింగుల పిచ్చి పట్టింది" అన్నాడు, బీడీ నోట్లోంచి తీయకుండానే. "ఊపిరితిత్తుల రోగం వస్తే ఎవనికి రావాలె? కట్టలు కట్టలు ఊదేటోన్ని, నాకు రావాలె. నేను గుండు లెక్క ఉన్న. జన్మల బీడీ ముట్టని దానికి ఏమొస్తది? నాట్లు మీద పడ్డయి గదా, పని ఎగ్గొట్టే యేశాలు."

జన్మలో ముట్టని దానికి. ఈ మాట అన్నది బావే. మీరూ గుర్తుపెట్టుకోండి.

నేను గోడ మీదుగా నోటికొచ్చినట్టు అరిచాను. మా ఆయన చెయ్యి పట్టుకుని లోపలికి లాగాడు. "అన్న ఇంటి ముచ్చట మనకెందుకే" అన్నాడు. నేనొక్కదాన్నే తీసుకుపోతానంటే అక్క కదల్లేదు. "ఆయన వద్దన్నంక నేనెట్ల వస్తనే? నాట్లు అయిపోనీ" అంది. నాట్లు అయిపోయాయి. కలుపులు అయిపోయాయి. మళ్లీ కోతలు దగ్గరపడేసరికి అక్క పడుకుంటే ఊపిరి అందక, గోడకు ఆనుకుని కూర్చునే తెల్లవార్లు గడుపుతోంది. అప్పుడు కదిలాడు మహానుభావుడు. నిజామాబాద్ వాళ్లు చూసి హైదరాబాద్ పొమ్మన్నారు.

హైదరాబాద్‌లో ఊపిరితిత్తి చుట్టూ చేరిన నీళ్లు తీశారు, ముక్క తీసి పరీక్షకు పంపారు. ఊపిరితిత్తుల క్యాన్సర్ అని, ఎముకలకు కూడా పాకిందని డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పింది.

"ఆమె బీడీ తాగదు గద మేడం" అన్నాడు బావ.

"తాగనివాళ్లకూ వస్తుందండీ. వాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ. తాగరు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. టీబీ అనుకుంటారు, ఆస్తమా అనుకుంటారు. లోపల అది పెరుగుతూనే ఉంటుంది. ఇంట్లో ఎవరైనా తాగుతారా?"

బావ చెయ్యి అంగీ జేబు మీదికి పోయింది. "ఈయనే" అన్నాను నేను.

"పొగ వల్లనే వచ్చిందని నేను ఖాయంగా చెప్పలేను. ఏ కారణమూ కనబడకుండా కూడా వస్తుంది" అంది ఆవిడ. "కానీ స్కాన్ రాసినప్పుడే తీసి ఉంటే మన చేతిలో ఇంకొన్ని దారులుండేవి." లేచేటప్పుడు ఇంకో మాట చెప్పింది. "అమ్మకు వచ్చింది కాబట్టి పిల్లల్లో ఎవరికైనా వదలని దగ్గు ఉంటే ఊరుకోకండి. స్కాన్ తీయించండి."

ఉన్నది ఒక్క పిల్ల, సుజన. మద్నూర్‌లో ఇచ్చాం. అల్లుడు సాయిప్రసాద్‌కు అక్కడ హైవే మీద లారీ సామాన్ల దుకాణం. తల్లిని చూడటానికి వచ్చిపోతున్న సుజన అప్పటికే దగ్గుతోంది.

మందులు వాడారు. కొన్నాళ్లు అక్క లేచి తిరిగింది కూడా. తర్వాత మళ్లీ మంచం పట్టింది. చూడటానికి వచ్చే చుట్టాలందరిదీ ఒకటే ప్రశ్న, ఆడమనిషికి ఈ రోగం ఎట్లా వచ్చిందని. స్కాన్ నేనే వద్దన్నాను అని చెప్పడానికి మా బావకు నోరు రావాలి కదా! ఆ నోటికి ఇంకొకటి తట్టింది.

"ఏం చెప్పాలె... నాకు తెల్వకుంట నా కట్టలకెళ్లి తీస్కొని తాగేదట. ఇప్పుడు బయటపడ్డది."

ఊరు ఎంత సులువుగా నమ్మిందో! మొన్నటిదాకా అక్క చేతి చాయ తాగిన ఆడవాళ్లే, "అవునే, ఆమె పక్కన నాటేస్తుంటె బీడీ వాసన వస్తుండె" అన్నారు. రాదా మరి? ఆయన కంపు ఆమె చీరకు అంటింది. దొంగతనం చేసినవాడే దొంగా దొంగా అని అరిచినట్టు ఉంది బావ వ్యవహారం.

ఆ మాట అక్క చెవినా పడింది. ఒక మధ్యాహ్నం నేను జావ తాగిస్తుంటే నా చెయ్యి పట్టుకుంది. "రాధా, నేను తాగిన్నానే?" అంది. నిజంగానే అడిగింది. అందరూ అంటుంటే తన మీద తనకే అనుమానం వచ్చింది పిచ్చిదానికి. "తాగలేదని నువ్వన్న చెప్పు నలుగురికి" అంది. చెప్తానన్నాను. తర్వాత ఎన్నో రోజులు లేదు.

మా పొలంలోనే, మోటరు కొట్టం పక్కన దహనం చేశాం. మూడోరోజు పిట్టకు పెట్టాలి. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ విస్తరిలో పెట్టి, దహనం చేసిన చోట ఉంచి, పక్కకు జరిగి నిలబడతాం. కాకి వచ్చి ముడితే పోయినవాళ్ల మనసు నిమ్మళంగా ఉన్నట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలినట్టు. ఆ కోరిక తీరుస్తామని అయినవాళ్లు పైకి మాట ఇవ్వాలి. పిట్ట ముట్టేదాకా ఎవరూ తినరు. పిట్ట ముందు ఇచ్చిన మాట తప్పినవాడిని మా దిక్కు నేను చూడలేదు.

ముందురోజు సాయంత్రం సుజన దగ్గీ దగ్గీ కళ్లలో నీళ్లు తిరిగి కూర్చుంది. నేను గోడ దగ్గరికి పోయి, "బావా, పోరిని స్కాన్‌కు తీస్కపోదాం. డాక్టరమ్మ చెప్పింది గదా" అన్నాను.

"మీ అక్క తాగింది, వచ్చింది. గీ పిల్ల తాగుతదా? తాగనిదానికి స్కాన్ ఎందుకు?" అన్నాడు. అల్లుడి ముందే అన్నాడు. అల్లుడు తల ఊపాడు. "పుట్టింటి నుంచి రోగం తెచ్చిందని వాళ్లింట్ల ముచ్చట పెట్టుకోవాల్నా? ఊకో రాధా" అని బావ బీడీ వెలిగించాడు.

అప్పుడు నాకు పూర్తిగా తెలిసింది. ఆ అబద్ధం అక్క పేరును తినడంతో ఆగలేదు, ఇప్పుడు బిడ్డ మీదికి వస్తోంది. అక్క తాగలేదని ఆయన ఒప్పుకుంటే తప్ప సుజనకు స్కాన్ లేదు. ఆయన నా మాటకు ఒప్పుకోడు. భూమేశ్ మాటకు ఒప్పుకోడు. ఇక మిగిలింది పిట్ట ఒక్కటే.

మా మక్కచేనులో పనిచేసే హేమ్లి, తండా మనిషి, కంకులు పాలుపోసుకునే వేళ ఒక పని చేసింది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర కరెంటు కొట్టి చచ్చిన కాకిని కట్టెకు తలకిందులుగా వేలాడదీసి చేనులో పాతింది. ఆ రోజు నుంచి కాకులు తీగల మీద కూర్చుని గోల చేస్తాయే తప్ప చేను మీద వాలవు. తమలోది చచ్చిన చోట కాకి వాలదు. రైతులందరికీ తెలిసిన సంగతే ఇది, కానీ చావు దగ్గర ఎవరికి గుర్తుంటుంది?

తెల్లారగానే అందరికంటే ముందు పొలానికి పోయాను. ఆ కట్టె పీకి, మోటరు కొట్టం రేకుల మీదికి ఎక్కించాను. కాకి పైకి కనబడేట్టు, కట్టె కొస వెనక దిక్కు చేతికి అందేట్టు పెట్టాను. కింద నిలబడినవాళ్లకు రేకు అంచు తప్ప ఏమీ కనబడదు. కంపు చేతులకు అంటింది. చేతులు మోటరు నీళ్లతో రుద్ది రుద్ది కడుక్కుని, ఏమీ ఎరగనట్టు ఇంటికి వచ్చి పెసరగారెలు వండాను.

విస్తరిలో జొన్నరొట్టె పెట్టాం, ఎల్లిపాయ కారం పెట్టాం, గారెలు పెట్టాం, గ్లాసు నిండా చాయ పోశాం. అంతా అయ్యాక మా బావ అంగీ జేబులో చెయ్యి పెట్టి బీడీ కట్ట తీశాడు. విస్తరి అంచున, గారెల పక్కన పెట్టాడు. పైన అగ్గిపెట్టె.

"తాగేది గదా పాపం" అన్నాడు.

సుజన నా దిక్కు చూసింది. పొద్దున చేసిన పని గురించి అప్పటిదాకా నాలో కొంచెం బెరుకు ఉండింది. ఆ కట్ట చూశాక అదీ పోయింది.

అందరం జరిగి నిలబడ్డాం. కాకులు వచ్చాయి. తీగల మీద బారుగా కూర్చున్నాయి. ఒక్కటే గోల. ఒక్కటీ దిగలేదు. బావ, "రా భాగ్యా, రా" అని పిలిచాడు. ఎండ ఎక్కింది. "సమాధి కట్టిస్త" అన్నాడు. దిగలేదు. "మాసికానికి ఊరంతటికి అన్నం పెడ్త" అన్నాడు. దిగలేదు. "నీ సొమ్ములు బిడ్డకే ఇస్త" అన్నాడు. కాకులు రెక్కలు కొట్టుకుంటూ కొట్టం మీద ఒక చుట్టు తిరిగి మళ్లీ తీగ మీదికే పోయాయి. జనంలో గుసగుసలు లేచాయి. ఇంత గోల చేసి దిగకపోవడం ఎక్కడా చూడలేదన్నారు. బావ మెడ మీది నుంచి చెమట కారుతోంది. కారనీ అనుకున్నాను. అక్క ఊపిరి కోసం కొట్టుకున్న రోజులతో పోలిస్తే ఇదెంత?

"బావా," అన్నాను అందరికీ వినబడేట్టు, "అక్కకు సమాధులు కావాల్నా? ఆమె ఎన్నడన్న నిన్ను సొమ్ములు అడిగిందా? గా కట్ట తియ్యి ముందు."

అందరూ నా దిక్కు తిరిగారు. బావ కళ్లెర్ర చేశాడు. కానీ నాగేంద్రమ్మ పెద్దమ్మ, మా అత్తకు అక్క, ఊళ్లో ఎవరూ ఎదురు చెప్పని ముసలావిడ, కర్ర నేలకు కొట్టింది. "తియ్యిరా రాములూ. ఆమెది కానిది ఆమె విస్తరిల ఎందుకు పెట్టినవ్?"

తీశాడు. కాకులు దిగలేదు.

"అక్క తాగిందా?" అన్నాను.

బావ ఆ కట్టను అంగీ జేబులోకి కుక్కుకున్నాడు.

"చెప్పు బావా. నాకు కాదు, ఆమెకు చెప్పు."

"నిజం చెప్పరా," అంది పెద్దమ్మ, "అబద్ధం మీద పిట్ట వాలదు."

బావ విస్తరి ముందు మోకాళ్ల మీద కూలబడ్డాడు. "తాగలే" అన్నాడు. "ఎన్నడు ముట్టలే. తాగింది నేను. దాని పక్కల కూసొని తాగిన. స్కాన్ తియ్యమని డాక్టరు చెప్పిండు, నేనే వద్దన్న. యేశాలు అన్న. చుట్టాలు అడిగితె ఏం చెప్పాల్నో తెల్వక దాని మీదికి తోసిన. తప్పయింది భాగ్యా, తప్పయింది."

భోరున ఏడ్చాడు. అక్క పక్కన నాట్లేసిన ఆడవాళ్లు తలలు దించుకున్నారు. జాలి పడదామని నేనూ నాలో వెతికాను. దొరకలేదు. ఇంకా కావాలనిపించింది.

"ఇంకా పిట్ట వాలలే బావా. ఇంకొకటి మిగిలింది."

"ఇంకేంది?"

అదే క్షణాన సుజన దగ్గింది. నేను నేర్పింది కాదు, దానంతట అది వచ్చిన దగ్గే. బావ తలెత్తి బిడ్డను చూశాడు. అప్పుడు చూశాడు మొదటిసారి.

"తీస్కపోత," అన్నాడు. "తాగనోళ్లకు గూడ వస్తదని డాక్టరమ్మ చెప్పింది. బిడ్డను నేనే తీస్కపోత, స్కాన్ తీపిస్త. నీ మీద ఒట్టు భాగ్యా." సాయిప్రసాద్ కూడా ముందుకు వచ్చి, "నేనూ వస్త మామా" అన్నాడు.

గొంతు ఎండిందని చెప్పి నేను కొట్టం వెనక్కి పోయాను. కట్టె కొస పట్టి లాగి, చచ్చిన కాకిని చెరుకులో లోపలికి విసిరేశాను. తిరిగి చూస్తే ఒడ్డు మీద హేమ్లి నిలబడి ఉంది. చేతిలో కొడవలి. తన కట్టె ఏమైందో వెతుక్కుంటూ వచ్చినట్టుంది. నన్ను చూసింది, రేకులు చూసింది, తీగల మీది కాకులను చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అటు తిరిగింది. పాపం ఏడుస్తోందని అందరూ అనుకున్నారు. ఆమె భుజాలు ఎందుకు ఊగుతున్నాయో నాకు తెలుసు.

కొంచెం సేపటికి ఒక కాకి దిగింది. అటూ ఇటూ చూసి గారె ఎత్తుకుపోయింది. వెంట ఇంకోటి, తర్వాత గుంపు. జనమంతా దండాలు పెట్టారు.

మాట తప్పలేదు బావ. ఆ వారంలోనే నిజామాబాద్‌లో సుజనకు స్కాన్ అయింది. ఊపిరితిత్తి అంచున బఠానీ గింజంత మచ్చ. మళ్లీ హైదరాబాద్, అదే డాక్టరమ్మ. అదే రోగం, కానీ ఇంకా ఎటూ పాకలేదు. ఆపరేషన్ చేసి ఆ భాగం తీసేశారు. "ఇంత చిన్నది దగ్గు తెప్పించదు," అంది ఆవిడ. "దగ్గు ఏదో గొంతుది, మందులకు పోతుంది. ఆ దగ్గు పేరుతో మీరు రాకపోయి ఉంటే ఇది ఇప్పట్లో ఎవరికీ కనబడేది కాదు." నేను కారిడార్‌లోకి వచ్చి గోడకు నుదురు ఆనించి ఏడ్చాను. అక్క పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు.

సుజన ఇప్పుడు పుట్టింట్లో కోలుకుంటోంది. మొన్న బావ గోడ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. "రాధా, మీ అక్క దేవత. పిట్టను ఆపి బిడ్డను బతికిచ్చింది" అన్నాడు, చేతులు జోడించి.

నాలుక చివరి దాకా వచ్చింది. ఆపింది అక్క కాదు, నేను. చచ్చిన కాకితో ఆపాను. ఆ మాట అనేసి ఆ మొహం ఎట్లా మారుతుందో చూడాలని ఎంత ఉబలాటపడ్డానో! కానీ ఆ భయం తీసేస్తే ఆయన ఆ నిజాన్నీ వెనక్కి తీసుకుంటాడు. తీసుకుని, సుజన మంచం పక్కనే కూర్చుని మళ్లీ వెలిగిస్తాడు. మింగేశాను.

ఎందుకంటే ఆయన బీడీలు పూర్తిగా మానలేదు. మానడానికి చూస్తున్నాడు. పొద్దున లేవగానే చెయ్యి దానంతట అదే జేబులోకి పోతుంది. సరిగ్గా అప్పుడు గోడ మీద కాకి అరుస్తుంది. ఆయన ఉలిక్కిపడి, "పారేస్తున్న భాగ్యా, పారేస్తున్న" అంటూ బీడీ విసిరేసి దండం పెడతాడు. ఊళ్లో వాళ్లు కూడా చూసి, ఆమె ఆయన్ని వదలడం లేదంటున్నారు.

నిన్న నేను గోడ మీద రాత్రి మిగిలిన అన్నం పెడుతుంటే భూమేశ్ లేచి వచ్చాడు. "రోజు ఇంత పొద్దుగాల కాకులకు పెడుతున్నవ్. అక్క యాదికొస్తుందా?" అన్నాడు మెత్తగా.

"వస్తుంది" అన్నాను. బావ మంచం కనబడే చోట ఇంకో పిడికెడు పెట్టాను.